మ్యాలో ఊళ్ళో మీనాక్షమ్మ పాట

మార్గశిర మాసం, లక్ష్మివారం. తెల్లవారుజామున 4 గంటలకే లేచి, తలంటుకుని, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి బయల్దేరబోతున్నాను. ఫోను మోగింది. ఆ వేళప్పుడు ఫోనంటే గుండె గుభేలుమనదూ! చూస్తే మా పెద్దబాబు. ఐర్లండులో కార్క్ అనే ఊళ్ళో ఉద్యోగం వాడికి. మనకి తెల్లారేసరికి వాళ్ళకింకా రాత్రి 11 గంటలే.

"ఏరా నాన్నా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాను.

"బానే ఉంది గానీ అమ్మా, మాట్లాడకు. ఇది విను" అని ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

గోలగోలగా ఉంది. గ్లాసుల చప్పుడు, నవ్వులు, ఎవరో కాలితో నేల మీద తాళం వేస్తున్నారు. ఆ గోలలోంచి వయొలిన్ మీద గబగబా ఒక వరస వచ్చింది. రెండోసారి తిరిగేసరికి నా ఒళ్ళు జలదరించింది. అది మా అమ్మాయి సంగీతం క్లాసులో నేర్చుకున్న "వందే మీనాక్షి"! ముత్తుస్వామి దీక్షితులవారి నోటుస్వరం! చెప్పుల్లేకుండా, విభూతి పెట్టుకుని పాడే పాట అక్కడ పబ్బులో ఎలా మోగుతోందండీ?

(పబ్బు అనగానే నేను ముందర అడిగిన ప్రశ్న వేరే అనుకోండి. "కోకాకోలాయే తాగుతున్నానమ్మా, ఒట్టు" అన్నాడు. నమ్మాను.)

సంగతేమిటంటే, ఆ పాట వరస మనది కాదు. ఐర్లండు వాళ్ళది. వాళ్ళు దాన్ని "రేక్స్ ఆఫ్ మ్యాలో" అంటారు. మ్యాలో అనేది కార్క్ నుంచి రైల్లో అరగంట ప్రయాణంలో ఉన్న ఊరు. మా వాడు ఆ రాత్రి ఉన్నది ఆ ఊళ్ళోనే. దీక్షితులవారు (1775-1835) మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో, అక్కడి కోటలో ఇంగ్లీషువాళ్ళ బ్యాండు వాయించే వరసలు విని, వాటికి సంస్కృతంలో దేవుడి పాటలు కట్టారు. వాటినే నోటుస్వరాలు అంటారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ రోజుల్లోనే వయొలిన్ నేర్చుకుని మన కచేరీల్లోకి తెచ్చారు. అదీ కథ. సముద్రాలు దాటి వచ్చిన తాగుబోతు కుర్రాళ్ళ పాట, మన దగ్గర మీనాక్షమ్మ పాట అయిపోయింది.

ఆ రోజు గుళ్ళో క్యూలో నిలబడినంతసేపూ నాకు ఆ వరసే చెవుల్లో తిరిగింది. అమ్మవారు క్షమించాలి.

అప్పట్నుంచీ మా వాడు వారానికొకటి చొప్పున పాటలు పంపుతున్నాడు. "వంట చేసుకుంటూ విను, నచ్చకపోతే తీసెయ్" అంటాడు. నచ్చినవి నచ్చాయి, తీసేసినవి తీసేశాను. మీలో చాలామంది పిల్లలు ఇప్పుడు ఐర్లండు, స్కాట్లండు వెళ్ళి చదువుకుంటున్నారు కదా. వాళ్ళుండే చోట ఏం పాడుకుంటారో తెలిస్తే, ఫోనులో "అన్నం తిన్నావా, చలి ఎలా ఉంది" తర్వాత మాట్లాడుకోవడానికి ఇంకో మాట దొరుకుతుంది.

ముందొక మాట. వీళ్ళ సంగీతాన్ని కెల్టిక్ సంగీతం అంటారు. ఐర్లండు, స్కాట్లండు, వేల్సు, ఫ్రాన్సులో బ్రిటనీ అనే మూల... ఈ ప్రాంతాల వాళ్ళ పాత భాషలు ఒక కుటుంబానివి. ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల కింద పడి నలిగిన భాషలు. మా వాడు చెప్పిన ఒక సంగతి నా మనసులోంచి పోలేదు. 19వ శతాబ్దంలో ఐర్లండు బళ్ళలో పిల్లల మెడలో ఒక కర్ర కట్టేవారట. ఆ పిల్లవాడు తన ఇంటి భాష ఒక్క మాట మాట్లాడితే కర్రమీద ఒక గాటు. సాయంత్రం గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు. అలా దెబ్బలు తిన్న పిల్లల మనవలూ, మునిమనవలూ తర్వాత ఆ భాషలోనే పాడి లోకం చేత చప్పట్లు కొట్టించుకున్నారు.

మొదట వినాల్సింది చీఫ్‌టెన్స్ వాళ్ళని. ప్యాడీ మొలోనీ అనే ఆయన 1962లో డబ్లిన్‌లో మొదలెట్టాడు. ఆయన 2021లో పోయాడు గానీ రికార్డులకేం కొదవ లేదు. పాట తక్కువ, వాయిద్యం ఎక్కువ. ఆయన వాయించేది ఇలియన్ పైప్స్. జనవరి 26న ఢిల్లీ పెరేడ్‌లో మిలిటరీ వాళ్ళు ఊదుతూ నడుస్తారు చూడండి, ఆ సంచీ బాజాకి ఇది చెల్లెలు. నోటితో ఊదక్కర్లేదు. మోచేతి కింద చిన్న తిత్తి పెట్టుకుని కొలిమి తిత్తిలా నొక్కుతూ గాలి ఆడిస్తారు. అందుకని ఇంట్లో కూచుని వాయించుకోవచ్చు, గొంతు మెత్తగా ఉంటుంది. తిత్తి అంటే గుర్తొచ్చింది, మన వీధి భాగవతాల్లో మేకతోలు తిత్తి ఊది శ్రుతి నిలబెట్టేవారు, చూశారా మీరెవరైనా? అదీ ఇదీ ఒక జాతే. వాళ్ళ తిత్తి ఢిల్లీదాకా వచ్చింది, మన తిత్తి వీధి చివరే ఆగిపోయింది.

వాళ్ళకి బౌరాన్ అని ఒక వాయిద్యం ఉంది. గుండ్రటి చట్రానికి మేకతోలు బిగించి చిన్న పుల్లతో వాయిస్తారు. వింటే డప్పుకి దూరపు చుట్టంలా ఉంటుంది. వీళ్ళ పాటల్లో రీల్ అని ఒక రకం ఉంది, మహా జోరు. రీల్ పెట్టుకుని పోపు వెయ్యకండి, చేతికి తెలీకుండా తొందరొచ్చేసి ఆవాలు మాడతాయి. నాకు రెండుసార్లు మాడాయి.

తర్వాత క్లానాడ్. వీళ్ళ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఒక కుటుంబం కథ. డొనెగాల్ అనే మారుమూల జిల్లాలో, ఇళ్ళల్లో ఐరిష్ భాషే మాట్లాడుకునే పల్లెవాళ్ళు. అక్కా, తమ్ముళ్ళూ, వాళ్ళ కవల మేనమామలూ కలిసి 1970లో మొదలెట్టారు. మేనమామలూ మేనల్లుళ్ళూ ఒక బ్యాండు! మన ఇళ్ళల్లో అయితే పెళ్ళి పందిట్లో కలిసి నిలబడ్డం కూడా కష్టమే. 1982లో "హ్యారీస్ గేమ్" అనే టీవీ కథకి వీళ్ళు పాడిన ఐరిష్ పాట ఇంగ్లండులో బాగా అమ్ముడయ్యే పాటల వరసలోకి ఎక్కింది. ఐరిష్ భాషలో పాట అక్కడికెక్కడం అదే మొదలు. ఆ పాట రాత్రి పని అంతా అయ్యాక, దీపం తగ్గించుకుని వినండి. మాట ఒక్కటి తెలీదు, అయినా సముద్రం మీద మంచు పడుతున్నట్టు ఉంటుంది. ఆ ఇంటి పిల్లే ఎన్యా. 1988లో "ఒరినోకో ఫ్లో" అనే పాటతో లోకమంతా తెలిసింది. ఆవిడ తన గొంతునే ఎన్నోసార్లు రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా పరుస్తారు. మన పూతరేకుల్లాగ. పసిపిల్లల్ని నిద్రపుచ్చడానికి ఎన్యా పాటలు భేషుగ్గా పనికొస్తాయి. మా పక్కింటావిడ మనవడి మీద ప్రయోగించి చూశాం.

బ్రిటనీ నుంచి ఆలన్ స్టివెల్. వాళ్ళ నాన్నగారు పాతకాలపు హార్ప్‌ని మళ్ళీ తయారుచేసి 1953లో కొడుకు చేతికిచ్చారు. ఆ కొడుకు 1972లో పారిస్‌లో ఒలింపియా హాల్లో ఆ హార్ప్‌తో పాటు గిటార్లూ డ్రమ్ములూ పెట్టి తన పల్లె భాషలో పాడాడు. ముగ్గురు కుర్ర నావికుల పాట ఒకటుంది, "ట్రీ మార్టొలోడ్" అని. హార్బరు ఉన్న ఊరివాళ్ళం కదా, మనకి చప్పున పట్టేస్తుంది.

రాక్ అంటే కేకలేనని నేనూ అనుకునేదాన్ని. హార్స్‌లిప్స్ అనే ఐరిష్ బ్యాండు 1973లో "ది టాయిన్" అని ఒక రికార్డు చేసింది. కథేమిటో తెలుసా? ఒక ఎద్దు కోసం రెండు రాజ్యాలు కొట్టుకున్న పాత వీరగాథ! మన కాటమరాజు కథ లేదూ, ఆవుల మేత దగ్గర మొదలై యుద్ధం దాకా వెళ్ళిన కథ? మనవాళ్ళు ఎవరైనా గిటార్లు పట్టుకుని కాటమరాజు కథ పాడితే ఎంత బావుంటుందో! స్కాట్లండులో రన్‌రిగ్ అనే వాళ్ళు స్కై అనే లంకలో 1973లో మొదలెట్టి, వాళ్ళ గేలిక్ భాషలో రాక్ పాడి, 2018లో సెలవు తీసుకున్నారు. మావారికి వీళ్ళు బాగా నచ్చారు. ఆయనకి నచ్చడానికి కారణం వాళ్ళు నెమ్మదిగా మొదలెట్టడమేనని నా అనుమానం.

క్రాన్‌బెరీస్ వాళ్ళ "జాంబీ" (1994) గురించి చెప్పకుండా ఉండలేను. మా అమ్మాయి గదిలోంచి ఆ పాట వస్తే "తగ్గించవే తల్లీ" అని అరిచేదాన్ని. మా వాడు కథ చెప్పాక అరవడం మానేశాను. 1993 మార్చిలో ఇంగ్లండులో వారింగ్టన్ అనే ఊళ్ళో బజార్లో బాంబు పేలి ఇద్దరు పిల్లలు పోయారు. ఒకడికి 3 ఏళ్ళు, ఒకడికి 12. బాంబు పెట్టింది ఐర్లండు కోసం పోరాడుతున్నామనేవాళ్ళు. ఆ పాట రాసిన డొలోరెస్ ఒరియార్డన్ ఐర్లండు పిల్లే, లిమెరిక్ ప్రాంతం. మా పేరు చెప్పి పిల్లల్ని చంపకండి అని మొహం మీద అడిగిన పాట అది. అలాంటి మాట మెల్లిగా ఎలా చెప్తుంది పాపం? 2018 జనవరిలో 46 ఏళ్ళకే పోయింది.

పోగ్స్, డబ్లినర్స్ అని ఇంకా చాలామంది ఉన్నారు. వాటిలో తాగుడు పాటలు జాస్తి. అవి మీ ఇష్టం.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఓ రోజు మా వాడు ఫోనులో "అమ్మా, ఇక్కడ నా స్నేహితుడు అడిగాడు. మీ ఊళ్ళో మీ పాత పాటలు పాడేవాళ్ళెవరు, పంపు, వింటాను అన్నాడు. ఏం పంపను?" అన్నాడు.

నేను గబుక్కున ఘంటసాల, సుశీల అన్నాను. తప్పు కాదు. ఘంటసాలగారు విజయనగరం సంగీత కళాశాలలో వారాలు చేసుకుంటూ చదువుకున్న మనిషి. సుశీలమ్మ విజయనగరం ఆడపడుచు. 2016లో గిన్నిస్ బుక్ వాళ్ళు ఆవిడ పాటలు 17,695 అని లెక్క తేల్చారు. ఆ కళాశాల 1919లో పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు, వయొలిన్ చెప్పింది ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ద్వారంవారి వయొలిన్ రికార్డు ఒకటి పంపించాం కూడా. ఆ మ్యాలో ఊరి ఫిడేలు వాయించేవాళ్ళు భుజం మీద ఆనించి వాయిస్తారు, మనవాళ్ళు కింద కూచుని పాదం మీద ఆనిస్తారు. అదే పెట్టె, అవే నాలుగు తీగలు.

కానీ వాడడిగింది అది కాదండీ. "ఇంట్లో పాడుకునేవి, పొలంలో పాడుకునేవి... నాయనమ్మ పాడేది కదా, అలాంటివి" అన్నాడు.

నేను మాట్లాడలేకపోయాను. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు మన ఉత్తరాంధ్ర సంగతి. మనకి ఉన్నదేమిటో వరసగా చెప్పలేను గానీ, నేను విన్నవి, చూసినవి చెప్తాను. జముకుల కథ మీలో ఎందరు విన్నారు? జముకు అంటే గుల్లటి చిన్న డోలు. ఒక పక్క తోలు మూసి, ఆ తోలు మధ్యలోంచి నరం తీగ లాగుతారు. చంకలో ఇరికించుకుని తీగని లాగి, వదిలి వాయిస్తుంటే అది "ఊఁ" కొడుతుంది. నిజంగా మనిషి ఊఁ కొట్టినట్టే ఉంటుంది! ముందొకరు కథ చెప్తుంటే పక్కవాళ్ళు వంత. శ్రీకాకుళం ఉద్యమం రోజుల్లో సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకునే పట్టుకుని ఊరూరా తిరిగాడు. 1969లో ఆయన్ని చంపేశారు. తప్పెటగుళ్ళు అయితే చూడాలి, వింటే చాలదు. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో యాదవులు పదిహేను ఇరవైమంది ఒక్కసారి ఎగిరితే భూమి అదురుతుంది. వాళ్ళు చెప్పే కథల్లో గంగమ్మ కథ ముఖ్యం. దసరా తర్వాత విజయనగరం పైడితల్లి సిరిమానుకి వెళ్తే దార్లో కళ్ళు ఒకపక్క సిరిమాను మీద, ఒకపక్క వీళ్ళ మీద. అరకు వెళ్ళినప్పుడు థింసా చూసే ఉంటారు. ఫొటోకోసం వాళ్ళ మధ్యలో దూరి రెండు అడుగులేసి వచ్చేస్తాం. ఈసారి వెళ్తే కాసేపు కూచుని ఆ మోరీ, తుడుము, కిరిడి వినండి. మోరీ ఊదే ఆయన ఊపిరి ఎప్పుడు పీల్చుకుంటాడో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

ఇక వంగపండు ప్రసాదరావుగారు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టారు. 1972లో జననాట్యమండలి పెట్టినవాళ్ళలో ఒకరు. 2020 ఆగస్టు 4న పోయారు. రాజకీయాలు నాకు తెలీవు, నేను వాటి జోలికి పోను. కానీ ఆయన యంత్రం ఎలా నడుస్తోందో చెప్పే పాట ఒకటి కట్టారు. కార్ఖానాలో పనిచేసే మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళెవరైనా ఆ పాట వింటే చేతిలో పని ఆగిపోతుంది. మావారు ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చినప్పుడు చొక్కా ఉప్పుదేలి ఉంటుంది. ఆ చొక్కా ఉతికే మనిషిని నేను. నాకు ఆ పాట వేరే ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" అయితే ఉత్తరాంధ్ర దాటి దేశమంతా తిరిగింది. ఆ "ఎల్దమొస్తవ" అనే మాట చూడండి. "వెళదాం వస్తావా" అని రాసి ఉంటే ఆ పాట నాలుగు వీధులు కూడా దాటేది కాదని నా నమ్మకం.

ఈ మాట దగ్గర నాకొక కోపం ఉంది. ఇంటర్ చదివే రోజుల్లో క్లాసులో ఒకసారి నేను "ఏటండీ?" అన్నాను. లెక్చరరు గారు అదే మాట నాలాగ సాగదీసి అన్నారు. క్లాసు క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత రెండేళ్ళూ నేను అడగాల్సిన ప్రశ్నలు అడగలేదు. మన సినిమాల్లోనూ ఎన్నేళ్ళు చూశాం? మన యాస మాట్లాడేది పనిమనిషో, వెర్రిబాగులవాడో! ఆ ఐర్లండు పిల్లల మెడలో కర్రముక్క గురించి వినగానే నా చెయ్యి నా మెడమీదకి ఎందుకు వెళ్ళిందో ఇప్పుడు అర్థమైందా?

ఈమధ్య కొంచెం మారింది. 2018లో "కేరాఫ్ కంచరపాలెం" వచ్చింది. మన కంచరపాలెం వాళ్ళే నటించి, మన మాటే మాట్లాడారు. 2020లో "పలాస 1978"లో రఘు కుంచెగారు మన పక్క పాట "నక్కిలీసు గొలుసు" పాడితే పెళ్ళిళ్ళలో అదే పాట. మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో డీజే అబ్బాయి దాన్ని నాలుగుసార్లు వేశాడు. నాలుగోసారికి మా పెద్దత్తగారు కూడా లేచారు, ఆవిడకి 74.

మరి మనకి రాక్ ఉందా అంటే ఉంది. హైదరాబాదు చౌరస్తా బ్యాండు 2018లో చేసిన "ఊరెళ్ళిపోతా మామ" వినండి. పట్నంలో ఇమడలేక పల్లె మీద బెంగపెట్టుకున్న వాడి పాట, గిటారు మీద. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాలకి వెళ్ళాడు, "జాతిరత్నాలు" (2021) సినిమాలో "చిట్టి" అతని గొంతే. బెంగళూరు వాళ్ళు అగమ్ అని ఉన్నారు. వాళ్ళు త్యాగరాజస్వామి "మనవ్యాలకించరాదటే" కీర్తనని ఎలక్ట్రిక్ గిటార్లతో పాడారు. మా అమ్మాయి సంగీతం టీచరుగారు విని "అపచారం" అన్నారు. నాకు మాత్రం, పబ్బు పాటని దీక్షితులవారు గుడి పాట చేస్తే తప్పులేనిది, గుడి పాట స్టేజీ ఎక్కితే తప్పెలాగవుతుంది అనిపించింది. టీచరుగారి దగ్గర అనలేదు లెండి, ఇంకా వర్ణాలు పూర్తికాలేదు.

పాత రికార్డుల్లో వింజమూరి అనసూయాదేవిగారివి వెతకండి. కాకినాడ ఆవిడ. అక్కచెల్లెళ్ళు సీత, అనసూయ ఇద్దరూ పల్లె పాటల్ని తెచ్చి స్టేజీ మీద, రేడియోలో గౌరవంగా కూచోబెట్టారు. అనసూయగారు చివరికి అమెరికాలో హ్యూస్టన్‌లో ఉండి 2019లో పోయారు. శ్రీరంగం గోపాలరత్నంగారిది మన విజయనగరమే. కచేరీ పాడే గొంతుతో ఎంకి పాట పాడితే ఎలా ఉంటుందో ఆవిడ దగ్గర వినాలి. మన విశాఖ రేడియో కేంద్రం 1963లో మొదలైంది. దాంట్లో జానపద గీతాలు వచ్చే వేళకి మా అమ్మ చాట పక్కన పెట్టి కూచునేది.

ఇప్పుడు అత్తయ్యగారి సంగతి.

ఆవిడది చీపురుపల్లి పక్క పల్లె. బడి మొహం చూడలేదు. ఊడుపుల పాటలు, దంపుళ్ళ పాటలు, అప్పగింతలు, గొబ్బి పాటలు... ఎన్ని వచ్చో ఆవిడకే తెలీదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో చోళ్ళు విసురుతూ పాడేవారు. నాకు అప్పుడు సిగ్గు. ఇంటికెవరైనా వస్తే, "అత్తయ్యా, కాస్త మెల్లిగా" అనేదాన్ని. ఆవిడ మానేసేవారు. కొన్నాళ్ళకి అడగకుండానే మానేశారు. నన్నెవరో క్లాసులో నవ్వారని ఇన్నేళ్ళు కోపం పెట్టుకున్నదాన్ని, నేను చేసింది మాత్రం అదే పని కదూ.

మా వాడు ఐర్లండు వెళ్ళే ముందు నాయనమ్మ పాటలు ఫోనులో రికార్డు చెయ్యమ్మా అని చెప్పి వెళ్ళాడు. సరే, రేపు అన్నాను. పచ్చళ్ళ రోజులయ్యాక అన్నాను. పండగయ్యాక అన్నాను. చివరికి ఓ మధ్యాహ్నం వంటింట్లోనే కూచోబెట్టి మూడు పాటలు పాడించాను. మూడోది దంపుళ్ళ పాట. అది పాడుతుండగా కుక్కరు కూత వేసింది. "అన్నం సూడే, బేగి!" అన్నారు అత్తయ్య. స్టవ్వు కట్టేసి వచ్చి "మిగతాది పాడండి" అంటే "రేపు పాడతాన్లే, గొంతు ఎండిపోనాది" అన్నారు. రెండు రోజులకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మరో నాలుగు నెలలున్నారు. మనల్ని చూసేవారు, పెదవులు కదిలేవి, మాట వచ్చేది కాదు. పోయి రెండేళ్ళయింది.

అందుకని మీకు నా అనుభవంతో చెప్తున్నాను. ఇంట్లో పాట వచ్చిన పెద్దావిడ ఉంటే ఈ ఆదివారమే కూచోబెట్టండి. ఫ్యాను కట్టేయండి, ఫోనులో ఆ చప్పుడు హోరుగా పడుతుంది. కుక్కరు పెట్టకండి, ముందే వండేసుకోండి. టీవీ ఎలాగూ ఆపుతారు. ఫోను చేత్తో పట్టుకోకుండా ఒక దిండు మీద, ఆవిడ మోకాలికి దగ్గరగా పెట్టండి. "పాడండి" అంటే పాడరు, సిగ్గుపడతారు. చేతికి పని ఇవ్వండి. చిక్కుళ్ళు ఈనెలు తియ్యమనండి, బియ్యం చెరగమనండి. చెయ్యి కదిలితే పాట అదే వస్తుంది. పాట అయ్యాక ఫోను ఆపేయకండి; ఎవరు నేర్పారు, ఏ పని చేస్తూ పాడేవారు అని అడగండి, ఆ కబుర్లూ పడనివ్వండి. మధ్యలో తప్పు పాడితే సరిదిద్దకండి. తర్వాత కనీసం ఇద్దరికి పంపండి, ఒక్క ఫోనులో ఉంటే ఫోనుతో పాటే పోతుంది.

మా మూడు పాటలూ కార్క్ వెళ్ళాయి. మా వాడి స్నేహితుడు దంపుళ్ళ పాట తీసుకెళ్ళి వాళ్ళ వయొలిన్ బృందంతో వాయించి పంపాడు. కుక్కరు కూత దగ్గర వాళ్ళూ ఆగిపోయారు, పాపం. అక్కడి నుంచి పాట లేదుగా. మా అమ్మాయి కూడా గిటారు మీద పట్టింది. తనూ అక్కడే ఆగుతుంది.

ఆ పాట కథ ఇది. చెల్లెలు పసుపు కొమ్ములు మూట కట్టుకుని అక్క ఇంటికి బయల్దేరుతుంది. దార్లో గెడ్డ. నీళ్ళు మొదట పాదాలదాకా, తర్వాత మోకాళ్ళదాకా, తర్వాత నడుం దాకా, తర్వాత భుజాలదాకా వస్తాయి. ఒక్కో చరణానికి ఒక్కో మెట్టు. పసుపు మూట చంకలోంచి నెత్తి మీదకి ఎక్కుతుంది. ఎలాగో ఒడ్డు చేరి, తడిబట్టలతో వెళ్ళి అక్క తలుపు తడుతుంది. అక్క గడియ తీస్తుంది... అక్కడ కూత.

చీపురుపల్లి, గరివిడి, రాజాం, పొందూరు పక్క వాళ్ళెవరికైనా ఈ పాట వచ్చా? మీ అమ్మగారికో, అమ్మమ్మగారికో, పక్క వీధి పిన్నిగారికో? అక్క తలుపు తీశాక ఏమైందో కాస్త కనుక్కుని పత్రిక అడ్రసుకి నాకు ఉత్తరం రాయండి. చరణం పూర్తిగా లేకపోయినా ఫరవాలేదు, రెండు మాటలైనా చాలు.